పాప క్లారినెట్ సౌండ్ పలచగా ఉంది: చెక్కది కొనాలా, క్లాసులు పెట్టించాలా?

మీ ప్రశ్నలో సంగతి ఇదీ. పాప తొమ్మిదో తరగతి. స్కూల్ బ్యాండ్‌లో చేరి ఏడాదిన్నరగా ప్లాస్టిక్ స్టూడెంట్ క్లారినెట్ ఊదుతోంది. కింది స్వరాలు బొంగురుగా, పైవి పలచగా వస్తున్నాయి, మధ్యలో కీచుమంటోంది. షాపతను ‘చెక్క క్లారినెట్ తీసుకోండి, సౌండ్ దానంతటదే వస్తుంది’ అన్నాడు. మీ చేతిలో నలభై వేలున్నాయి. వాద్యం మీద పెట్టాలా, విడిగా ఒక మాస్టారిని పెట్టాలా అని అడిగారు.

మాస్టారి మీద పెట్టండి. కాకపోతే పాఠాలు మొదలయ్యేలోపు ఉన్న వాద్యానికి ఒక పని చేయించాలి. లేదంటే ఆ ఫీజు కూడా గాలికి పోతుంది.

నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. మిలిటరీ బ్యాండ్‌లో చేసి రిటైరై మారేడ్‌పల్లిలో ఉండే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. బ్యాంకులో ఉద్యోగం, ఆదివారం చర్చిలో క్లారినెట్. చుట్టుపక్కల పిల్లలు ‘అంకుల్, సౌండ్ వస్తలేదు’ అంటూ పెట్టెలు పట్టుకొస్తే చూసి పెడుతుంటాను. వాళ్ళని ఊదమనడానికంటే ముందు నేను చూసేది గాలి ఎక్కడైనా కారుతోందా అని.

క్లారినెట్ కీల కింద రంధ్రాలు మూయడానికి ప్యాడ్లు ఉంటాయి. ఫెల్ట్ బిళ్ళ, దాని మీద పల్చటి పొర, అంతే. వాడేకొద్దీ అవి గట్టిపడతాయి, అంచు దగ్గర చిరుగుతాయి. స్కూల్ బ్యాగుల కింద నలిగి ఏదో ఒక కీ కాస్త వంగుతుంది కూడా. ఒక్క ప్యాడ్ పక్కన వెంట్రుకవాసి సందున్నా చాలు, దానికి దిగువన పలకాల్సిన స్వరాలన్నీ మొరాయిస్తాయి. అది పాపకి తెలియదు. తనకే చేతకావడం లేదనుకుంటుంది. వేళ్ళు బిగబట్టి నొక్కుతుంది, కింది దవడ పైకి బిగించి రీడ్‌ని (నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి రెల్లు పట్టీని) కొరుకుతుంది. అప్పుడు స్వరం వస్తుంది కానీ సన్నగా, శృతి పైకెక్కి వస్తుంది. కొన్నాళ్ళు అలా ఊదితే అదే అలవాటైపోతుంది. ఆ తర్వాత వాద్యం బాగుచేయించినా కొరకడం ఆగదు. వాద్యమా పాఠాలా అన్న ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. చెడిపోయిన వాద్యం కూడా పాఠం చెబుతుంది, తప్పుడు పాఠం.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. క్లారినెట్ విప్పి పై జాయింట్, అంటే ఎడమచేతి వేళ్ళు ఆనే పొడుగు ముక్క, ఒక్కటే తీసుకోండి. ఎడమచేతి మూడు వేళ్ళతో ముందు రంధ్రాలు, బొటనవేలితో వెనక రంధ్రం పాపనే మూయమనండి. కింది చివరని మీ అరచేత్తో మూయండి. ఇప్పుడు పై చివర నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చమనండి. అన్నీ సరిగ్గా మూసుకుంటే మీ అరచెయ్యి అతుక్కుపోతుంది, ఒక క్షణం ఆగి తీస్తే ‘టప్’మంటుంది. ఎంత పీల్చినా గాలి వస్తూనే ఉంటే కారుతున్నట్టే. ఏ ప్యాడో తేల్చుకోవడానికి సిగరెట్ చుట్టే పల్చటి కాగితాన్ని సన్నటి పట్టీగా కత్తిరించి, ప్యాడ్ కింద పెట్టి, కీని మెల్లగా మూసి లాగండి. చుట్టూ ఒకేలా పట్టు తగలాలి. ఏ పక్క జారిపోతే సందు అక్కడే.

ప్యాడ్లు మార్చడం మన పెళ్లి బ్యాండ్ల వాళ్ళలో పాతవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. మా పెద్దాయన దగ్గరికి వచ్చే ఒక బ్యాండు మాస్టర్ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. కీని విప్పి, దాని గిన్నెని చిన్న స్పిరిట్ దీపం మీద పెట్టి, లోపలి లక్క కరగ్గానే కొత్త ప్యాడ్ కూర్చోబెట్టేవాడు. కీని మళ్ళీ బిగించి, లక్క పూర్తిగా గట్టిపడకముందే రంధ్రం మీద అదిమి, ప్యాడ్ మీద పడిన గుండ్రటి అచ్చు అంతటా ఒకే లోతుగా ఉందా అని వెలుతురులోకి తిప్పి చూసేవాడు. ప్లాస్టిక్ వాద్యమైతే దీపాన్ని బాడీ దరిదాపుల్లోకి రానిచ్చేవాడు కాదు. అలా తెలిసిన చేతికే ఇవ్వండి. గిటార్లు, కీబోర్డులు బాగుచేసే ప్రతివాళ్ళూ ఈ పని చేయలేరు.

రిపేరయ్యాక, బాగా ఊదగలిగే ఒక మనిషి చేతికి పాప క్లారినెట్ ఇవ్వండి. మౌత్‌పీస్ కడిగి, పాప రీడ్‌తోనే ఒక పాట ఊదమనండి. తర్వాత ఆయన సొంత మౌత్‌పీస్, సొంత రీడ్ అదే క్లారినెట్‌కి తగిలించి అదే పాట మళ్ళీ. రెండుసార్లూ నిండుగా వినిపిస్తే ఇక షాపతని మాట వినక్కర్లేదు. రెండోసారే బాగుంటే మౌత్‌పీస్ దగ్గరో, రీడ్ దగ్గరో ఉంది తేడా. రెండుసార్లూ ఈసురోమంటే అప్పుడు వాద్యాన్ని అనుమానించాలి. పేరున్న కంపెనీ స్టూడెంట్ మోడల్‌తో నాకు ఆ మూడో సంగతి దాదాపు ఎదురుకాలేదు. ఏ పేరూ లేకుండా ఆన్‌లైన్‌లో కిట్‌గా దొరికే వాటితో మాత్రం ఎదురైంది.

చెక్క మాటకొస్తే, మంచి క్లారినెట్లు గ్రెనడిల్లా అనే ఆఫ్రికా నల్లచెక్కతో చేస్తారు, నిజమే. అయితే శబ్దం పుట్టేది గొట్టం లోపలి గాలి కదలికలో, గోడలో కాదు. గోడ పదార్థం వల్ల నిలకడగా ఊదిన స్వరం నాణ్యత చెప్పుకోదగ్గంత మారదని జాన్ బాకస్ అనే భౌతిక శాస్త్రవేత్త 1964లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. ఖరీదైన క్లారినెట్ బాగా పలకడానికి కారణం లోపలి బోర్‌ని (గొట్టం బోలుని), రంధ్రాల అంచులని శ్రద్ధగా చెక్కడం, కీల పనితనం. క్లారినెట్లు చేసే బఫే కంపెనీ వాళ్ళ గ్రీన్‌లైన్ మోడల్ చూడండి. నూటికి 95 వంతులు గ్రెనడిల్లా పొడి, మిగతాది కార్బన్ ఫైబర్, జిగురు. వృత్తి కళాకారులే వాటిని వాడుతున్నారు.

పైగా మన ఊళ్ళో ఏప్రిల్, మే ఎండలకి గాలిలో తేమ ఉండదు. ఏసీ గదిలోంచి తీసి ఎండలో స్కూల్ గ్రౌండ్‌కి పట్టుకెళ్తే చెక్క పగుళ్ళివ్వచ్చు. కొత్త చెక్క వాద్యాన్నైతే మొదట్లో రోజూ కొద్దికొద్దిసేపే ఊదుతూ అలవాటు చేయాలి. రిపబ్లిక్ డే పరేడ్‌లో నిలబడి ఊదే పిల్లకి ప్లాస్టిక్కే హాయి.

రీడ్ గురించి అందరూ తేలిగ్గా మాట్లాడతారు కానీ, మీరు పెట్టే డబ్బులో అన్నిటికన్నా తక్కువకి ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. పాప ఏ నంబరు రీడ్ వాడుతోందో చూడండి, నంబరు పెరిగేకొద్దీ రీడ్ గట్టిది. మొదట్లో ఇచ్చిన ఒకటిన్నర నంబరే ఇప్పటికీ వాడుతుంటే, మీరు చెప్పిన పలుచదనంలో సగం అదే కావచ్చు. మెత్తటి రీడ్ మీద గట్టిగా ఊదితే అది మూసుకుపోతుంది, పై స్వరాలు నలిగిపోతాయి. ఏడాదిన్నర ఊదిన పిల్లకి రెండు, రెండున్నర మధ్య కుదరాలి. ఒక్క రీడ్‌నే అది చచ్చేదాకా ఊదకుండా మూడు నాలుగు మార్చి మార్చి వాడించండి. ఊదడం అయ్యాక మౌత్‌పీస్‌కి అలాగే వదిలేయకుండా తుడిచి, చదునైన రీడ్ కేసులో పెట్టాలి. రీడ్ అంటే వెదురులాంటి రెల్లు ముక్కే కదా, మన ఎండాకాలానికి దాని కొస అలలు అలలుగా వంకర తిరుగుతుంది. అలాంటి రీడ్ పెట్టి ఊదితే ఎంతటివాడికైనా కీచుమంటుంది. ఊదేముందు ఒక నిమిషం నోట్లో తడిపితే కొస చదునవుతుంది. వానాకాలం రాగానే అదే రీడ్ బరువెక్కినట్టుంటుంది, అందుకే అర నంబరు తేడాతో రెండు రకాలు దగ్గరుంచుకోవాలి.

మౌత్‌పీస్ కొనాల్సి రావచ్చు. యమహా కిట్‌తో వచ్చిన 4సి అయితే తొందరపడకండి, నేర్చుకునే దశకి అది మంచిదే. ఊరూపేరూ లేనిదైతే మార్చండి. వాండోరెన్ బి45 అని అందరూ చెబుతారు. దాని కొసకీ రీడ్ కొసకీ మధ్య సందు 1.195 మిల్లీమీటర్లు, యమహా 4సికి 1.05. చూడ్డానికి ఇంత తేడాయే, పెదవికి మాత్రం చాలా తేడా. సందు పెరిగితే అదే రీడ్ గట్టిగా అనిపిస్తుంది. కాబట్టి మౌత్‌పీస్, రీడ్ కలిపి ఎంచాలి, అదీ మాస్టారు పాప ఊదడం విన్న తర్వాత.

ఖరీదైన లిగేచర్ (రీడ్‌ని బిగించే పట్టీ), వేరే బ్యారల్ (మౌత్‌పీస్ కింది చిన్న ముక్క), కొత్త బెల్ (అడుగున ఉండే గరాటా) వద్దు. ఈ దశలో వాటి తేడా ఊదేవాళ్ళకే వినపడదు, వినేవాళ్ళ సంగతి ఎందుకు. వాటికి బదులు మౌత్‌పీస్ మీద పై పళ్ళు ఆనేచోట అంటించే రబ్బరు ప్యాచ్, మెడకి వేసుకునే స్ట్రాప్ కొనండి. క్లారినెట్ బరువంతా కుడి బొటనవేలి మీద పడుతుంది. ఆ నొప్పికి పిల్లలు భుజం, మెడ, దవడ అన్నీ బిగించేస్తారు.

ఇక పాఠాలు. స్కూల్ బ్యాండ్ మాస్టారికి డ్రమ్ములు, ట్రంపెట్లు, లైన్లో నడిపించడం, అన్నీ ఒక్కడే చూసుకోవాలి. మీ పాప గడ్డం వైపు చూసే తీరిక ఆయనకుండదు. విడిగా చెప్పే మాస్టారు మొదటి అరగంటలో చూసేది అదే. గడ్డం బత్తాయి తొక్కలా గుంటలు పడిందా, బుగ్గలు ఉబ్బుతున్నాయా, మౌత్‌పీస్ నోట్లోకి మరీ కొంచెమే పోతోందా. మా పెద్దాయన నా గడ్డం కింద వేలు పెట్టి, ‘బిడ్డా, పండ్లతోని పట్టకు, దమ్ముతోని పట్టు’ అనేవారు. ఏ యూట్యూబ్ వీడియో అలా వేలు పెట్టి చూడలేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి రెండున్నాయి. మౌత్‌పీస్, బ్యారల్ మాత్రం కలిపి ఊదమని, ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టండి. ఎఫ్ షార్ప్ చూపించాలి. అంతకంటే బాగా పైన ఉంటే కొరుకుతోంది, కిందికి జారుతుంటే పెదవులు వదులు. రెండోది, అన్నిటికన్నా కింది స్వరం నిలకడగా ఊదుతుంటే, మీరు వెనక నిలబడి పాప ఎడమ బొటనవేలి దగ్గరున్న రిజిస్టర్ కీని (స్వరాన్ని పై స్థాయికి ఎగరేసే కీని) చెప్పకుండా నొక్కండి. ఫ్లూట్ అయితే స నుంచి పై స కి వెళ్తుంది. క్లారినెట్ ఒక చివర మూసిన గొట్టంలా పనిచేస్తుంది కాబట్టి స నుంచి పై స్థాయి ప కి ఎగురుతుంది. ఎగిరిన స్వరం వెంటనే, శుభ్రంగా వస్తే దమ్ము, పెదవి సరిగ్గా ఉన్నట్టు. ఆగి ఆగి వచ్చినా, గుర్రుమన్నా మాస్టారికి అదే చూపించండి.

సికింద్రాబాద్ వైపు మిలిటరీ బ్యాండ్లలో చేసి రిటైరైనవాళ్ళు, చర్చి ఆర్కెస్ట్రాల వాళ్ళు దొరుకుతారు, అడగండి. పెళ్లి బ్యాండు మాస్టర్ల దమ్ముకి నేను దండం పెడతాను, కానీ వాళ్ళ సౌండ్ రోడ్డు మీద ట్రంపెట్లని దాటి వినపడటానికి తయారైంది. పాశ్చాత్య సంగీతంలో ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ గ్రేడ్ పరీక్షలు రాయించే ఆలోచన ఉంటే ఆ పద్ధతి పనికిరాదు. కర్ణాటక సంగీతమైతే అది పూర్తిగా వేరే దారి. 2008లో సంగీత కళానిధి అందుకున్న క్లారినెట్ విద్వాంసులు ఏ.కె.సి. నటరాజన్ గారి రికార్డింగులు వినిపించండి, ఆ గమకాలు ఏ షాపులోనూ దొరకవని మీకే తెలుస్తుంది. ఎవరిని పెట్టినా డెమో క్లాసులో కూర్చోండి. మొదటి రోజే పాటలోకి దూకేవాళ్ళకంటే, ఒకే స్వరాన్ని నిలబెట్టి ఊదించి వినేవాళ్ళని ఎంచుకోండి.

మీ నలభై వేలలో ప్యాడ్ల పని, ఒక పెట్టె రీడ్లు, అవసరమైతే మౌత్‌పీస్, అంతవరకే. మిగిలింది ఫీజుకి ఉంచండి. నెలకోసారి గదికి అవతలి వైపు ఫోన్ పెట్టి ఒకే పాట రికార్డు చేయండి, మాస్టారితో మాట్లాడటానికి పనికొస్తుంది. ఏడాది తర్వాత ఆయనే ‘ఇక వాద్యం మార్చండి’ అంటే ఆయన్నే షాపుకి వెంటబెట్టుకెళ్ళండి, పాప తన మౌత్‌పీస్‌తో ఊది చూశాకే డబ్బు కట్టండి. ‘ఊదనివ్వం’ అని షాపువాళ్ళంటే అక్కడ కొనకండి.