ఫుల్సమ్ అంటే మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

‘ఫుల్సమ్’ అనే ఇంగ్లిష్ విశేషణానికి ఒక డిక్షనరీలో ‘పుష్కలమైన’ అనీ, ఇంకోదాంట్లో ‘వెగటు పుట్టించే’ అనీ ఉంది, ఏది తీసుకోవాలి అని అడిగారు. రెండూ వాడుకలో ఉన్నవే. చదివేటప్పుడు రెండూ గుర్తుంచుకోండి. రాసేటప్పుడు మాత్రం రెండో అర్థంలోనే వాడండి, లేదా ఆ మాట జోలికే పోకండి.

నేను ఇంగ్లిష్ ప్రతులు దిద్దే పనిలో ఉన్నాను. ఈ మాట నాకు ఎక్కువగా పొగడ్తల పక్కనే తగులుతుంటుంది. ఒకసారి ఒక పదవీ విరమణ సంచిక ప్రూఫుల్లో, సహోద్యోగులు ఆయనకు ‘ఫుల్సమ్ ట్రిబ్యూట్’ అర్పించారని వచ్చింది. రాసినాయన ఉద్దేశం నిండు మనసుతో అని. చదివేవాళ్లలో కొందరికి మాత్రం అందరూ కలిసి పెద్దాయన్ని మునగచెట్టు ఎక్కించారనే తోస్తుంది. పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపాను. ఆయన డిక్షనరీ పేజీ ఫొటో తీసి తిరిగి పంపారు. అందులో ‘సమృద్ధమైన’ అనే ఉంది, ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. అయినా చివరికి ‘వార్మ్’ అని మార్చాం. రిటైరయ్యే మనిషి గురించి రాసేచోట ఆ అనుమానం దేనికి?

ఈ గందరగోళం మాట పుట్టుకలోనే ఉంది. ‘ఫుల్’కి ‘సమ్’ ప్రత్యయం చేరి మధ్యయుగపు ఇంగ్లిష్‌లో తయారైంది. హోల్సమ్, టైర్‌సమ్‌లలో ఉన్నది కూడా ఈ ‘సమ్’ ప్రత్యయమే. మొదట్లో నిండుగా ఉన్నదనే అర్థం. తర్వాత అది తిండి మీదుగా ‘మొహం మొత్తేది’ వైపు జారింది, అక్కడి నుంచి మాటల మీదికి పాకింది. షేక్‌స్పియర్ నాటకం ‘ట్వెల్ఫ్త్ నైట్’ చివరి అంకంలో, తను కాదన్న డ్యూక్ ఆర్సినో మళ్లీ ఆ పాత ప్రేమ పాటే ఎత్తుకునేట్టయితే అది తన చెవికి ‘ఫ్యాట్ అండ్ ఫుల్సమ్’ అంటుంది ఒలీవియా. చక్కటి సంగీతం తర్వాత ఊళలు విన్నట్టుంటుందట! మన ‘వెగటు’ కూడా నాలుక మీద మొదలై మాటల దాకా వచ్చిందే, అందుకే దానికంటే దగ్గరి మాట నాకు తోచదు. ఇక 20వ శతాబ్దంలో ‘పుష్కలం’ అనే తొలి అర్థం మళ్లీ తలెత్తింది.

పత్రికల్లో కనిపించే ‘ఫుల్సమ్ అపాలజీ’ దగ్గర ఎవరు అంటున్నారో చూస్తాను. క్షమాపణ చెప్పినవాళ్లే అంటే ‘మనస్ఫూర్తిగా’ అని. విమర్శకుడు అంటే ‘అతి చేశాడు’ అని వెక్కిరింపు కావచ్చు. ‘ఫుల్సమ్ ప్రెయిజ్’ అయితే ముందు ముఖస్తుతి అనే అనుకుంటాను, వాక్యం అలా కాదని చెబితే తప్ప.

నిజంగా మెచ్చుకోవాలంటే ‘జెనరస్’, ‘వార్మ్’, ‘హార్ట్‌ఫెల్ట్’ ఉన్నాయి. పోటీ పరీక్షలో పర్యాయపదం అడిగితే మాత్రం ‘ఎక్సెసివ్’, ‘ఇన్‌సిన్సియర్’ లాంటివాటి వైపు చూడండి.