పింఛం లేని నెమలికి జబ్బేమీ లేదు

అన్నా, ఉదయగిరి దగ్గర మీ కళ్లం గట్టున తెల్లవారేసరికి మూడు నెమళ్లు ముడుచుకుని కూర్చున్నాయని, ఒకదానికి పింఛమే లేదని, చలికి జబ్బు చేసిందేమోనని రాశారు. కంగారు పడకండి. మగ నెమలి వానాకాలం చివరికి పొడవాటి ఈకలన్నీ రాల్చేస్తుంది. మళ్లీ వేసవి మొదలయ్యేసరికి పెంచుకుంటుంది. ఈలోపు బోసిగానే ఉంటుంది, పాపం. మెడ, రొమ్ము నిగనిగలాడే నీలంగా ఉన్నాయా? అయితే అది మగదే.

ఇక చలి అంటారా, ఇంగ్లండులో మంచు కురిసే తోటల్లోనూ నెమళ్లను పెంచుతారు. మన వెలిగొండల చలి వాటికొక లెక్కా! రాత్రంతా చెట్టుమీద ఉండి, పొద్దున దిగి, ఈకలు ఉబ్బించుకుని ఎండ కాగుతాయి. మా వేరుశనగ చేను పక్కన రోజూ చూస్తున్నదే. ఒళ్లు వేడెక్కాక మేతకు కదులుతాయి.

పట్టుకుని గోనెసంచి కప్పే ఆలోచన మాత్రం మానుకోండి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని పక్షి అది, అంటే పట్టుకోవడమే నేరం. రెక్క వేలాడేసుకుని, మీరు దగ్గరికి వెళ్లినా కదలకపోతే అటవీశాఖకు ఫోను చేయండి. అంతవరకు మీ కుక్కను కట్టేసి ఉంచండి, చలికన్నా దానితోనే ప్రమాదం.