మొదటి విద్యార్థులను తీసుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పురుషాధిక్య భావజాలం మీద పరిశోధన చేస్తామంటూ ఈ ఏడాది ఇద్దరు విద్యార్థులు నీ దగ్గరకు వచ్చారని, వాళ్లకు గైడ్‌గా ఉండడానికి ఒప్పుకునే ముందు నా అభిప్రాయం తెలుసుకోవాలని ఉందని రాశావు. అంశాన్ని ఎలా కుదించాలో, అధ్యాయాలను ఎలా విడదీయాలో నీకు తెలుసు కనుక వాటి జోలికి పోను. ఈ రంగంలో గైడ్ పని మిగతా రంగాలకంటే ఎక్కడ వేరుగా ఉంటుందో అంతవరకే చెబుతాను.

నా మొదటి విద్యార్థిని విషయంలో నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. ఆమె నెలల తరబడి స్త్రీద్వేషపు రాతలను సేకరించి, చదివి, వర్గీకరించి నాకు పట్టికలు తెచ్చి చూపేది. నేను ఆ పట్టికలనే దిద్దాను తప్ప వాటి వెనక ఉన్న అసలు రాతలను ఒక్కసారి కూడా అడిగి చదవలేదు. రెండో ఏడాది మధ్యలో ఆమె పరిశోధన మానేసినప్పుడు ఆసక్తి తగ్గిందనుకున్నాను. ఆ నెలల్లో ఆమెకు సరిగా నిద్రే లేదని చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పటినుంచి నా విద్యార్థులు చదివే ముడి సామగ్రిలో కొంత భాగాన్ని ప్రతివారం నేనూ చదువుతున్నాను. నీకు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే: నువ్వు చదవడానికి సిద్ధపడని దాన్ని వాళ్లచేత చదివించకు.

ఆడపిల్ల అయితే తనలాంటివాళ్ల మీద విషం కక్కిన రాతలనే రోజూ తిరగేయాల్సి వస్తుంది. మగపిల్లవాడికి కష్టం మరోలా ఉంటుంది. ఒంటరితనం గురించి, తిరస్కారం గురించి అక్కడ కనిపించే కొన్ని వాక్యాలు తన సొంత అనుభవాన్ని తాకినప్పుడు అతను సిగ్గుతో ముడుచుకుపోతాడు. ఈ పనికి తగరని నువ్వు అనుకుంటావేమోనన్న భయంతో ఇద్దరూ నీకు ఏమీ చెప్పరు. ఎలా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నామంటారు కాబట్టి, ఈ వారం చదివినవాటిలో పడుకున్నాక కూడా గుర్తొచ్చినదేమిటని అడుగు. రాత్రిపూట ఈ పని పెట్టుకోవద్దని, పడకగదిలో అసలే వద్దని, వీడియోలు చూడక తప్పనప్పుడు శబ్దం తీసేసి, రంగులు తగ్గించి, చిన్న తెరమీద చూడమని మొదటిరోజే చెప్పు.

భద్రత సంగతి పరిశోధన పూర్తయ్యాక చూసుకుందామని వదిలేయవద్దు. ఎథిక్స్ కమిటీలు పరిశోధనలో పాల్గొనేవారికి కలిగే హాని గురించి వివరంగా అడుగుతాయి కానీ, పరిశోధకులకు కలిగే హాని గురించి అంత పట్టుదలగా అడగడం నేను చూడలేదు. విద్యార్థి పేరుతో తొలి వ్యాసం వెలువడేలోపే శాఖ వెబ్‌సైట్‌లోని ఫోన్ నంబరు, ఇంటి చిరునామాకు దారితీసే వివరాలు, కుటుంబ సభ్యుల ఫోటోలు తీయించాలి. బెదిరింపులు వస్తే వాటిని విద్యార్థి కాకుండా మరొకరు చదివి భద్రపరచాలి. విద్యార్థిని తొలగించమంటూ ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు సంస్థ ఏం చేస్తుందో అధికారులచేత ముందే కాగితం మీద రాయించుకో. విలేకరులు వచ్చినప్పుడు విద్యార్థి కోరుకుంటే తప్ప ముందు నువ్వే నిలబడు, కానీ పని ఎవరిదో మాత్రం వాళ్ల పేరుతోనే చెప్పు.

ఇక ఏ దాడిని, ఏ గుంపును ఏ పేరుతో పిలవాలన్నదాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన పరిశోధన బలం అక్కడే ఉంది. 1989 డిసెంబర్ 6న కెనడాలోని మాంట్రియల్ నగరపు ఇంజనీరింగ్ కళాశాలలో ఒక దుండగుడు స్త్రీలను, పురుషులను వేరుచేసి మరీ కాల్పులు జరిపి 14 మంది స్త్రీలను చంపాడు. స్త్రీవాదులంటే తనకు ద్వేషమని వాడే చెప్పినా, అది ఒక మతిచెడినవాడి చర్య అని సరిపెట్టినవాళ్లు ఎందరో. ఆ నగరంలోని స్మారక ఫలకంపై అది స్త్రీవాద వ్యతిరేక దాడి అన్న మాట చేరేసరికి 2019 వచ్చింది. 2011లో నార్వేలో 77 మందిని చంపినవాడి ప్రకటనలో ముస్లిం వ్యతిరేకతతో పాటు స్త్రీవాద వ్యతిరేకత కూడా నిండి ఉంది. ముస్లిం వ్యతిరేకతను చూసి స్త్రీవాద వ్యతిరేకతను వదిలేసే విశ్లేషణను నీ విద్యార్థులు ఒప్పుకోకూడదు.

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టడమూ తప్పే. పురుష హక్కుల ఉద్యమకారులు, స్త్రీలను లొంగదీసుకునే కిటుకులు అమ్మేవాళ్లు, స్త్రీలతో సంబంధమే వద్దనేవాళ్లు, కోరుకున్నా స్త్రీ సాంగత్యం దొరకలేదని స్త్రీలను నిందించే ఇన్సెల్‌లు ఒకరి మాటలు ఒకరు అరువు తెచ్చుకుంటారు కానీ అందరూ ఒకటి కాదు. ఇన్సెల్ అన్న మాటకు మూలం 1990లలో ఒక కెనడా మహిళ ఒంటరివారందరికోసం, స్త్రీలనూ కలుపుకొని, ప్రారంభించిన వెబ్‌సైట్. 2014లో అమెరికాలోని ఐలా విస్టాలో, 2018లో కెనడాలోని టొరంటోలో జరిగిన హత్యల తర్వాత ఆ మాట వినగానే హంతకుడే గుర్తొచ్చే పరిస్థితి ఏర్పడింది. ఆ గుంపుల్లో ఎక్కువమంది చేయి చేసుకోకుండానే ద్వేషాన్ని పెంచి పోషిస్తారు. హింస జరిగినప్పుడు మాత్రమే ఈ భావజాలాన్ని పట్టించుకుంటే ఆ పెంపకం మన కంటికి ఆనదు.

ఉటంకింపుల విషయంలో నా పద్ధతి కఠినం. హంతకుల పేర్లు రాయనివ్వను, వాళ్ల ప్రకటనలకు దారి చూపనివ్వను. ఏదైనా వాక్యాన్ని యథాతథంగా వాడదలిస్తే, అది తీసేస్తే వాదన నిలవదని విద్యార్థి నాకు చూపించాలి. ఆ గుంపుల పరిభాషను కొటేషన్ గుర్తులు లేకుండా రాసిన ప్రతిచోటా ఎర్ర సిరాతో గీత గీస్తాను. ఏళ్ల తరబడి చదివినవారి నోట ఆ మాటలు తెలియకుండానే మామూలు మాటలైపోతాయి, అది నాకూ జరిగింది.

అంశం మార్చుకుంటానని ఎవరైనా అడిగితే కారణం చెప్పమని పట్టుబట్టకు. అప్పటిదాకా చేసిన పని వృథా కాకుండా మరో అంశంలోకి మళ్లించే దారిని మొదటి నెలలోనే ముగ్గురూ కూర్చుని రాసి పెట్టుకోండి. ఆ కాగితం నా దగ్గరికి కూడా పంపు, చదివి తిరుగు టపాలో నా సూచనలు రాస్తాను.