ఇంటి లోపలి పనులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గోడలు లేచి ప్లాస్టరింగ్ అయిన ఇంట్లో మిగిలిన పనిని సొంతంగా చేసుకుంటున్నవారి ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న: ప్లాస్టరింగ్ వరకు మేస్త్రి చేశాడు. టైల్స్, ఫాల్స్ సీలింగ్, లప్పం, రంగులు, అలమరలు మేమే చేసుకుందామనుకుంటున్నాం. ఏది ముందు, ఏది వెనక? ఏ పని జోలికి పోకూడదు?

తడి పనులు ముందు, పొడి పనులు తర్వాత. దుమ్ము రేపేవన్నీ ఆఖరి రంగుకు ముందే అయిపోవాలి. కరెంటు పాయింటు ఏదైనా మరిచిపోయి ఉంటే గాడి ఇప్పుడే కొట్టాలి. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదు. దూలాల్లో, స్తంభాల్లో అసలు కొట్టకూడదు. గాడి పూడ్చేముందు పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోండి. రేపు అలమర బిగించడానికి డ్రిల్లు పెట్టేటప్పుడు పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

ఆ తర్వాత వరస ఇదీ: బాత్రూము వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, ఫాల్స్ సీలింగ్, లప్పం, ప్రైమర్, ఒక కోటు రంగు, తలుపులు, అలమరలు, చివరి కోటు. చివరి కోటును అలమరల తర్వాతకు ఉంచమనడం ఊరికే కాదు. రంపపు పొట్టు, జిగురు మరకలు, నిచ్చెన గీతలు అన్నీ గోడ మీదే పడతాయి.

వదిలేయాల్సినవి రెండు: మెయిన్ బోర్డులో కనెక్షన్లు, గ్యాస్ లైను. అవి లైసెన్సున్నవాళ్ల పనులు.

ప్రశ్న: ప్లాస్టరింగ్ అయి మూడు వారాలైంది. చేత్తో ముట్టుకుంటే పొడిగానే ఉంది. ఒక గోడ మీద మాత్రం తెల్లటి పొడి కనిపిస్తోంది. లప్పం పెట్టేయవచ్చా?

వద్దు. గోడ పైకి పొడిగా ఉన్నా లోపల తడి ఉంటుంది. నీళ్లు పట్టే రోజులతో కలిపి కనీసం 28 రోజులు ఆగాలి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ. అయినా రోజులు లెక్కపెట్టడం కంటే గోడనే పరీక్షించడం మేలు. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అతికించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూసినప్పుడు లోపలి వైపు నీటి బొట్లున్నా, ఆ మేర గోడ నల్లబడినా తడి ఉన్నట్టే. ఇంటి మొత్తానికి ఒక్కచోట చేస్తే చాలదు. బాత్రూము వెనక గోడ, నేలకు దగ్గరగా ఒక చోటు, ఎండ తగలని గోడ విడివిడిగా చూడాలి.

ఆ తెల్లటి పొడి చౌడు. ఇటుకలో, ఇసుకలో, సిమెంటులో ఉన్న లవణాలు నీటితో పైకి వచ్చి, నీరు ఆవిరయ్యాక అక్కడే మిగిలిపోతాయి. దాన్ని తడిగుడ్డతో తుడిచారంటే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని ఎత్తేయండి. వారం తర్వాత రాకపోతే అది కట్టడంలో వాడిన నీరే, భయం లేదు. మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంటే మాత్రం ఎక్కడి నుంచో కొత్తగా నీరు అందుతోంది. కారే పైపో, పిట్టగోడ నెర్రో, నేల నుంచి ఎగబాకే చెమ్మో తేలేదాకా ఆ గోడ జోలికి వెళ్లకండి.

ఇంకో సంగతి. కొత్త సిమెంటుకు క్షారగుణం బాగా ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. తడి ఆరని గోడ మీద ఆయిల్ పెయింట్ వేస్తే అందులోని నూనె క్షారంతో కలిసి సబ్బులా మారి జిగటగా ఊడుతుంది. నీటితో కలిపే ఎమల్షన్ అయితే రంగు వెలిసి మచ్చలు పడుతుంది. క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ కొంత కాపాడుతుంది గానీ, ఆరడానికి ఇవ్వాల్సిన వ్యవధికి అది ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: వైట్ సిమెంటు లప్పం రెండు కోట్లు పెట్టాం. చెయ్యి ఆనిస్తే పిండిలా అంటుకుంటోంది. కొన్నిచోట్ల వెంట్రుకల్లాంటి నెర్రెలు. ప్రైమర్ వేస్తే సర్దుకుంటుందా?

పిండి రాలడానికీ నెర్రెలకూ కారణాలు వేరు.

వైట్ సిమెంటు లప్పం గాలికి ఆరి గట్టిపడేది కాదు, నీటితో చర్య జరిగి గట్టిపడేది. పొడి గోడ మీద పెడితే గోడ ఆ నీటిని లాగేసుకుంటుంది. సిమెంటు కట్టుకోకుండానే ఎండిపోతుంది. అందుకే పెట్టేముందు గోడను తడపాలి, అయితే నీరు కారేంతగా కాదు. లోపల ఆరిన గోడను పైపైన చెమ్మ చేయడమే ఇది, ఆరబెట్టమన్న మాటకు విరుద్ధం కాదు. రెండో కారణం నీటి కొలత. 10 కిలోలకు 3.6 నుంచి 4 లీటర్లు సరిపోతాయి, సంచి మీది అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి. మూడోది అన్నిటికన్నా మామూలు తప్పు: తొట్టెలో బిగుసుకుంటున్న ముద్దలో మళ్లీ నీళ్లు పోసి కలపడం. ఒకసారి కట్టడం మొదలైన సిమెంటు మళ్లీ కలిపితే బలం రాదు. గంటన్నర, రెండు గంటల్లో వాడగలిగినంతే కలపండి, మిగిలింది పారేయండి. చెమ్మ తగిలి ఉండలు కట్టిన సంచిని అసలు వాడకండి.

నెర్రెలు మందం వల్ల. రెండు కోట్లూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గుంటలనూ, వంకర గోడనూ లప్పంతో సరిచేయాలని చూస్తే పగలక మానదు. లోతున్న చోట ముందు సన్న ఇసుక సిమెంటుతోనో, ముతక లప్పంతోనో పూడ్చి, ఆరాక పైపూత పెట్టాలి. ఫ్యాన్ వేసి ఆరబెట్టినా ఇదే గతి.

ఇప్పుడు ఏం చేయాలి? రాపిడి కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, గోళ్లతో గీకి చూడండి. చేతికి కాస్త తెల్లగా అంటుకుని గీత పడకపోతే ప్రైమర్ పట్టి ఉంచుతుంది. గోరుకు పొర లేచి వస్తే దాని మీద ఎన్ని కోట్లు వేసినా రంగుతో సహా పెచ్చులుగా ఊడుతుంది. ఆ మేర గీకి మళ్లీ పెట్టడం తప్ప దారి లేదు.

మళ్లీ పెట్టేటప్పుడు మొదటి కోటు కింది నుంచి పైకి, రెండోది దానికి అడ్డంగా లాగండి. రాపిడికి 320 నంబరు కంటే ముతక కాగితం గీతలు మిగులుస్తుంది. గోడకు ఆనించి పక్క నుంచి లైటు వేస్తే ఎత్తుపల్లాలు నీడలుగా కనబడతాయి. పైనున్న బల్బు వెలుగులో ఏ గోడైనా నునుపే. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు పెట్టుకోండి.

ప్రశ్న: బాత్రూము నేల మీద వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, దాని మీద సిమెంటు పాలతో విట్రిఫైడ్ టైల్స్ అతికించమని ఒకరు చెప్పారు. సరేనా?

పూత సరే, సిమెంటు పాలు వద్దు. విట్రిఫైడ్ టైలు దాని బరువులో అర శాతానికి మించి నీరు పీల్చదు. సిమెంటు పాలకు పట్టు దొరకదు. కింద పూత కూడా నున్నగా ఉంటుంది కాబట్టి టైలు రెండు వైపులా జారుడు మధ్య నిలబడ్డట్టే. పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ వాడండి. ఈ టైల్స్‌ను నీళ్లలో నానబెట్టే పని లేదు.

పూత సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి తప్పు టైల్స్ పగలగొడితే తప్ప దిద్దుకోలేం. ముందు పైపులకు ఒత్తిడి పరీక్ష చేయించండి. నీరు పోయే నేల జాలి వైపు మీటరుకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల వాలు సిమెంటు గచ్చులోనే రావాలి. పూత ఆ వాలు మీద పడాలి. వాలు కింద మాత్రమే పూత వేసి వదిలేస్తే, టైల్స్ సందుల్లోంచి దిగిన నీరు మధ్య గచ్చులో నిలిచి ఎప్పటికీ చెమ్మగా ఉంటుంది. గోడా నేలా కలిసే మూలలో సిమెంటుతో చిన్న గుండ్రటి వాలు తీర్చి, దాని మీద ఫైబర్ మెష్ పట్టీ అతికించాలి. పూత రెండు కోట్లు, ఒకదానికొకటి అడ్డంగా. గోడల మీద 30 సెంటీమీటర్ల ఎత్తుకు, షవర్ ఉన్న గోడకు 1.8 మీటర్ల ఎత్తుకు ఎక్కించండి. కారడాలు ఎక్కువగా పైపు నేలలోంచి వచ్చే చోటనే మొదలవుతాయి, అక్కడ ఒక పొర అదనంగా వేయండి.

డబ్బా మీద చెప్పినన్ని రోజులు ఆరాక జాలి మూసి, 5 సెంటీమీటర్ల నీరు నింపి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీసి 48 గంటలు వదలండి. కింది సీలింగ్, పక్క గది గోడ అడుగు చూడాలి. ఆవిరై కాస్త తగ్గడం మామూలే, వేలెడు తగ్గితే కాదు.

ప్రశ్న: పొడవాటి టైల్స్ ఇటుకల వరసలా సగానికి సగం జరిపి పరుస్తుంటే అంచులు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి. రసమట్టం పెట్టే చేస్తున్నాం.

మట్టంలో తప్పు లేదు, టైలులో వంపు ఉంది. పొడవాటి టైలు కాల్చినప్పుడు నడుమ కొద్దిగా ఉబ్బుతుంది. రెండు టైల్స్ ముఖాముఖి ఆనించి పట్టుకుంటే తెలుస్తుంది. సగానికి జరిపినప్పుడు ఒక టైలు ఉబ్బు, పక్క టైలు అంచుకు సరిగ్గా ఎదురుపడుతుంది. మూడో వంతు మాత్రమే జరపండి, లేదా తిన్నగా పరవండి. పక్కపక్క టైల్స్ అంచులను సమంగా పట్టి ఉంచే లెవలింగ్ క్లిప్పులు తేడాను తగ్గిస్తాయి, వంపును తీయలేవు.

పళ్ల కరణెతో అడ్హెసివ్‌ను ఒకే దిశలో గీయండి. గుండ్రంగా తిప్పితే గాలి చిక్కుకుని తర్వాత డొల్ల శబ్దం వస్తుంది. 60 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న టైలుకు 10 మిల్లీమీటర్ల పళ్లు కావాలి, టైలు వెనక కూడా పలుచగా రాయాలి. వెనక తెల్లటి దుమ్ముంటే ముందు తుడవండి. పరచిన అడ్హెసివ్ సుమారు 20 నిమిషాల్లో పైన పొర కడుతుంది. వేలికి అంటకపోతే గీకి పారేయండి. అప్పుడప్పుడు ఒక టైలు ఎత్తి చూడండి. పొడి గదుల్లో టైలు వెనక కనీసం 80 శాతం మేర, బాత్రూములో 95 శాతం మేర అడ్హెసివ్ అంటి ఉండాలి.

గోడల చుట్టూ 6 మిల్లీమీటర్ల సందు వదిలి గ్రౌట్‌తో (టైల్స్ సందులు పూడ్చే ముద్ద) నింపకుండా ఉంచండి, గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ దాన్ని కప్పేస్తుంది. ఆ సందు లేని పెద్ద హాల్లో టైల్స్ వ్యాకోచించి గుడారంలా లేస్తాయి. కొనేటప్పుడు పెట్టెల మీద షేడ్, సైజు గుర్తులు ఒకటేనా చూసి 10 శాతం ఎక్కువ తీసుకోండి. తర్వాత అదే షేడ్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా బీట. జిప్సం సీలింగ్ అతుకుల్లోనూ గీతలు. లప్పం ఎన్నిసార్లు పెట్టినా మళ్లీ వస్తున్నాయి.

కదిలే చోట కదలని పదార్థం పెడితే పగులుతుంది. కాంక్రీటూ ఇటుకా వేడికి, తేమకు ఒకేలా సాగవు. ప్లాస్టరింగ్‌కు ముందే అతుకు మీద 30 సెంటీమీటర్ల వెడల్పు జాలీ కొట్టి ఉండాల్సింది. ఇప్పుడైతే బీటను వీ ఆకారంలో విప్పి, దులిపి, సాగే గుణమున్న అక్రిలిక్ ఫిల్లర్ నింపి, పైన ఫైబర్‌గ్లాస్ మెష్ టేపు అతికించి లప్పం లాగండి. బీట ఏటవాలుగా ఉన్నా, కొనల దగ్గర పెన్సిల్‌తో వేసిన గుర్తులు దాటి పెరుగుతున్నా మాత్రం ఇంజినీరును పిలవండి.

సీలింగ్ అతుకులకు మామూలు లప్పం పనికిరాదు. జాయింట్ కాంపౌండ్, పేపర్ టేపు కావాలి. బోర్డుల పొట్టి అంచులు పక్కపక్క వరసల్లో ఒకే గీతలో రాకూడదు. 12.5 మిల్లీమీటర్ల బోర్డుకు 25 మిల్లీమీటర్ల స్క్రూలు, దాదాపు 23 సెంటీమీటర్లకు ఒకటి. తల కాగితాన్ని చింపకుండా కొద్దిగా లోపలికి దిగితే చాలు. ఫ్యాను స్లాబు కొక్కెం నుంచే వేలాడాలి, సీలింగ్ చట్రం నుంచి కాదు.

ప్రశ్న: రోలర్‌తో వేసిన రంగు చారలు చారలుగా కనిపిస్తోంది.

ఆరడం మొదలైన అంచు మీద మళ్లీ రోలర్ తిప్పారు. ఫ్యాన్లు ఆపి, ఒక గోడ మూలలను బ్రష్షుతో వేసి వెంటనే ఆ గోడ పూర్తి చేయండి. నాలుగు గోడల అంచులూ ముందే వేసి పెట్టుకోవద్దు. ఒకే షేడ్ డబ్బాలన్నిటినీ పెద్ద బకెట్‌లో కలిపేసుకుంటే డబ్బాకూ డబ్బాకూ ఉండే తేడా పోతుంది.

ప్రశ్న: టైల్స్ పరిచాక తలుపు నేలకు రాసుకుంటోంది. కింద కోయవచ్చా?

కోయవచ్చు. టైలూ అడ్హెసివూ కలిసి 15 నుంచి 20 మిల్లీమీటర్లు పైకి వస్తాయి, ఆ లెక్క తలుపు బిగించేటప్పుడే చూసుకోవాల్సింది. కింద 6 నుంచి 8 మిల్లీమీటర్ల సందు చాలు. ఫ్లష్ డోరైతే అంచున ఉండే గట్టి చెక్క పట్టీ దాటి కోయకండి, లోపలి పొరలు విడిపోతాయి. కోసిన అంచుకు ఆ రోజే రెండు కోట్లు ప్రైమర్ వేయండి. వేయకపోతే నేల తుడిచిన ప్రతిసారీ ఆ అంచు నీరు పీల్చి ఉబ్బి, తలుపు మళ్లీ రాసుకుంటుంది.