రంగుల మాస్టరు భివండి పోతానంటే

బిడ్డా,

మీ జంఖానాల షెడ్డులో నూలుకు రంగులేసే మాస్టరు మహారాష్ట్రలోని భివండిలో ఉన్న కొడుకు దగ్గరికి పోతానంటున్నాడని నిన్న ఫోన్‌లో చెప్పినప్పుడే నీ టెన్షన్ అర్థమైంది. ఆయన పనంతా వీడియో తీసి పెట్టుకుంటానన్నావు. తీసుకో, కాకపోతే ఆయనకు చెప్పి తీయి. చాటుగా వద్దు.

వరంగల్ మండిబజార్‌లో కొట్టు నడిపినన్నాళ్లూ నాకు అక్కరకొచ్చిన పాత కితాబుల మాటలు కొన్ని ఉన్నాయి. మీ కొత్తవాడ మగ్గాలకూ పనికొస్తాయి కాబట్టి రాస్తున్నా.

ఖురాన్ మొత్తంలో పొడుగైన ఆయతు, అంటే వాక్యం, దేని గురించో తెలుసా? అప్పు పత్రం గురించి. బఖరా అనే సూరాలో, అంటే అధ్యాయంలో, 282వది. గడువు పెట్టిన బాకీ చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దంటుంది. రాసేవాడు వేరే ఉండొచ్చు గానీ, చెప్పి రాయించాల్సింది బాకీ పడ్డవాడే. నీ రంగుల నోటుబుక్కూ అట్లనే రాయి. మాస్టరు చెప్పాలి, నువ్వు రాయాలి, రాసింది ఆయనకు చదివి వినిపించాలి. కిలో నూలుకు రంగు ఎంత, ఉప్పు ఎంత, ఎంతసేపు మరగాలి, ఏ బోరు నీళ్లు. నీళ్లు మారితే రంగు మారుతుంది, ఆ ముక్క వదిలేయకు. చేతిలో చెయ్యి వేసుకుని అక్కడికక్కడే తేలిపోయే బేరాలు రాయకపోయినా తప్పు లేదని అదే ఆయతు చెప్తుంది. కనబడ్డదల్లా రాస్తూ కూర్చుంటే పని ఎప్పుడు చేస్తావు?

రాతలో పట్టనిదీ ఉంది. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో ముఖద్దిమా అనే పుస్తకం రాస్తూ, చేతిపని మళ్లీ మళ్లీ చేస్తేనే ఒంటబడుతుందని, విని నేర్చినదానికంటే కళ్లారా చూసి నేర్చింది గట్టిదని అన్నాడు. మాస్టరును ఒకసారి బాగా గమనించు. తొట్టిలోంచి నూలు చిలప పైకి తీస్తాడు, ఒక్క పోగు పిండి ఊదుతాడు, వెలుతురులోకి పట్టుకుని చూస్తాడు. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే తేలుతుంది. ఎంత తేలుతుందో ఆయన కంటికి తెలుసు. నీ వీడియోకు తెలియదు. మన వరంగల్ దర్రీలకు, అదే జంఖానాలకు, 2018లో జీఐ గుర్తింపు (ఈ ఊరి సొంత సరుకని సర్కారు వేసే ముద్ర) వచ్చింది, సంతోషమే, కానీ ఆ కాగితం తొట్టిలో రంగు కలపదు కదా! ఆయన పక్కన ఒక పిల్లగాణ్ణి పెట్టు. నేర్చుకునేటప్పుడు వాడు పాడుచేసే నూలు నీ ఖాతాలో వేసుకో.

మాస్టరు పని నేర్పకుండా దాచుకోవడం మీ మతంలో పాపం కదా చాచా, అని అడిగావు. ధర పెరిగేదాకా ధాన్యం దాచడాన్ని ఇహ్తికార్ అంటారు, అది తప్పే. బగ్దాద్ ఖాజీ అబూ యూసుఫ్ అయితే ధాన్యమే కాదు, దాస్తే జనానికి కీడు చేసే ఏ సరుకైనా అంతేనన్నాడు. అయినా మాస్టరు నేర్పును ఆ లెక్కలోకి లాగడానికి నాకు మనసొప్పదు. అది ఆయన కూడు. నేర్పేస్తే రేపు తనను ఎవరు పిలుస్తారన్న భయం ఆయనది. ఆ భయం తీర్చకుండా పాపపుణ్యాలు చెప్తే ఎవరు వింటారు?

ఆ భయం తీరాలంటే, ముదారబా అని మాలో ఒక వ్యాపార పద్ధతి ఉంది. ఒకరిది పెట్టుబడి, ఇంకొకరిది కష్టం. లాభంలో ఎవరి వంతు ఎంతో ముందే మాట్లాడుకుంటారు. నష్టమొస్తే డబ్బు పోయేది పెట్టుబడి పెట్టినవాడిది, రెండోవాడికి కష్టం వృథా. ఇన్ని రూపాయలు ఖాయమని ఒప్పుకుంటే చెల్లదు, వంతే చెప్పుకోవాలి. షెడ్డు మొత్తానికి దీన్ని పెట్టకు, కూలీ, వంతు కలిసిపోతే లెక్క తెగదు. కొత్త రంగుల ఆర్డర్లను విడిగా రాసి, వాటికి మాస్టరుతో కూలీ లేకుండా వంతు మాట్లాడు. పిల్లగాడికి నేర్పినందుకు మజూరీ మాత్రం వేరే ఇవ్వు.

ఒక వ్యాపారి తడిసిన గింజలు కుప్ప లోపల ఉంచితే, జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని మా ప్రవక్త (స) అడిగారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు చూసినోడివి, నీకు వేరే చెప్పాలా? రంగు దిగి వాపసు వచ్చిన జంఖానాను మూలన పడేయకు. ఏ రోజు, ఏ తొట్టి, ఏం తేడా వచ్చిందో నోటుబుక్కు మొదటి పేజీల్లోనే రాయి.

మాస్టరుతో వంతు మాట్లాడే రోజు మీ అమ్మను కూడా కూర్చోబెట్టు. మీ నాయిన నోటిమాట మీద ఎవరికి ఎంత నూలు అరువిచ్చాడో ఆమెకే తెలుసు. ముందు అది రాయించుకో.

మీ చాచా