ఆపరేషన్‌కి ముందు మొటిమల మాత్రలు: డాక్టర్‌కి చెప్పారా?

ప్రశ్న: నా వయసు 24. విజయవాడలో ఉంటాం. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని మూడు వారాల తర్వాత ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ పెట్టారు. నాకు పీసీఓడీ (అండాశయాల హార్మోన్ల సమస్య) ఉంది, ముఖం నిండా మొటిమలు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. రాసినన్నాళ్లు బాగుంటుంది, ఆపితే మళ్లీ వస్తాయి. మా పిన్ని కూతురు వాడే 21 మాత్రల స్ట్రిప్ నేనూ ఐదు నెలలుగా వేసుకుంటున్నాను. ఆపరేషన్ అయిన రెండు నెలలకి అక్క పెళ్లి. ఆలోపు ముఖం క్లియర్ అవ్వాలంటే ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్స్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? ఆపరేషన్‌కి ఇచ్చే యాంటీబయాటిక్స్‌తోనే మొటిమలు తగ్గిపోతాయా? ముందు ఫేషియల్ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముఖం ఫొటోలు మూడు పంపారు. క్రీము ట్యూబ్ ఫొటో ఒక్కటీ లేదు, మాత్రల పేరూ రాయలేదు. నాకు కావాల్సినవి ఆ రెండే. ఓపీ మధ్యలో రాస్తున్నాను, పైగా మిమ్మల్ని చూడకుండా చెబుతున్నాను కాబట్టి దీన్ని మందుల చీటీలా కాకుండా సలహాలా తీసుకోండి.

మీ దిగులు మొటిమల గురించి. నా దిగులు ఆ 21 మాత్రల గురించి. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే మాత్రలంటే దాదాపుగా గర్భం రాకుండా వాడే హార్మోన్ మాత్రలే. పీసీఓడీలో మొటిమలకి మేమూ రాస్తాం, అది తప్పు మందేం కాదు. కానీ రాసేముందు బీపీ చూస్తాం. మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, సిగరెట్ అలవాటుందా అని అడుగుతాం. ఇవన్నీ మీ పిన్ని కూతురిని ఎవరో అడిగే ఉంటారు. మిమ్మల్ని అడిగిందెవరు?

ఆ మాత్రల్లోని ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత పెంచుతుంది. మొటిమలకి ఎక్కువగా రాసే సైప్రోటెరోన్ కలిసిన రకంలో ఇంకాస్త ఎక్కువ. మీ వయసులో, మామూలుగా తిరిగేటప్పుడు ఆ ప్రమాదం తక్కువే. ఆపరేషన్, ఆపైన మంచానికే పరిమితమవడం తోడైతే లెక్క మారుతుంది. అందుకే పెద్ద ఆపరేషన్లకి 4 వారాల ముందే వీటిని ఆపమంటుంటారు. మీకున్నది మూడు వారాలు. పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి చేసే ల్యాప్రోస్కోపీలో సాధారణంగా అదే రోజు సాయంత్రానికి లేపి నడిపిస్తారు కాబట్టి మాత్రలు ఆపాలా, తేదీ జరపాలా, కాళ్లకి బిగుతు మేజోళ్లు వేసి జాగ్రత్త పడితే చాలా అన్నది సర్జన్, మత్తు డాక్టర్ కలిసి తేల్చాల్సిన విషయం. ఇది చదివి ఈ రాత్రే స్ట్రిప్ సగంలో మానేయకండి. నెలసరి గందరగోళమవుతుంది. పెళ్లయిందో లేదో రాయలేదు, అయి ఉంటే గర్భం సంగతి కూడా చూసుకోవాలి. రేపే వెళ్లి అడగండి. ఈస్ట్రోజన్‌కీ గాల్ బ్లాడర్ రాళ్లకీ కూడా కొంత సంబంధం ఉంది. మీ రాళ్లు ఈ ఐదు నెలల మాత్రలతోనే వచ్చాయని అనను. సర్జన్‌కి మాత్రం తెలియాలి.

ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం ఒకటుంది. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడుగుతారు. మనవాళ్ల దృష్టిలో మందులంటే బీపీ, షుగర్ మాత్రలే. "ఏం లేవండి" అనేస్తారు. మొటిమల మాత్ర, జుట్టు ఊడకుండా మింగే క్యాప్సూల్, కీళ్లనొప్పులకి ఎవరో ఇచ్చిన తెల్ల మాత్ర, ఇవేవీ లెక్కలోకి రావు. ఆ తెల్ల మాత్ర స్టెరాయిడ్ అయితే, నెలల తరబడి వాడి ఉంటే, ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోవచ్చు. మొటిమలకి కూడా రాసే స్పైరనోలాక్టోన్‌తో పొటాషియం పెరగొచ్చు. ఇక పక్కన అమ్మ నిలబడి ఉంటే మీ 21 మాత్రల సంగతి అసలు బయటికే రాదు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతిలో పెట్టండమ్మా. స్ట్రిప్, ట్యూబ్ రెండూ బ్యాగులో వేసుకుని వెళ్లండి.

ఇప్పుడు క్రీము. ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వీటిలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా ఉంటే అది మంగు మచ్చలకి కొన్ని వారాలు మాత్రమే వాడే మిశ్రమం, ఫెయిర్‌నెస్ క్రీము కాదు. "రాసినన్నాళ్లు బాగుంటుంది, ఆపితే వస్తాయి" అన్న ఒక్క వాక్యంతో నాకు సగం అనుమానం తీరింది. రెండో ఫొటోలో బుగ్గల మీద సన్నటి ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయి, చర్మం పలచబడితే అలాగే ఉంటుంది. ఎండలోకి వెళ్తే ముఖం మండుతోందా? 2018లోనే కేంద్రం స్టెరాయిడ్ క్రీములని చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. అయినా గుంటూరులో నా గదికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఈ ట్యూబే ఉంటోంది.

ముఖానికి రాసుకున్నది పొట్ట ఆపరేషన్‌కి అడ్డం కాదు. కానీ మత్తు ఇచ్చాక శ్వాస గొట్టాన్ని పెదవి మూలన, బుగ్గ మీద టేపుతో అంటిస్తారు. కళ్లు మూసి వాటి మీదా టేపు వేస్తారు. పలచబడిన చర్మం మీద నుంచి ఆ టేపు లాగితే పొర కూడా లేచి వచ్చేస్తుంది. నేను చూశాను, ఆ మచ్చ మూడు నెలలు పోలేదు. అలాగని క్రీము ఒక్కసారిగా ఆపితే ఆపరేషన్ వారంలోనే ముఖం ఎర్రబడి, మంటపుట్టి, మొటిమలు రెట్టింపు కావచ్చు. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లి, మెల్లగా తగ్గించే పద్ధతి ఈ వారమే మొదలుపెట్టండి.

సర్జన్ మీ ముఖం కన్నా మీ బొడ్డు గురించే ఎక్కువ ఆలోచిస్తారు. మొదటి రంధ్రం సాధారణంగా బొడ్డు దగ్గరే పెడతారు. ఇంతకాలం పేరుకున్న మురికిని స్నానమప్పుడు సబ్బు నురుగుతో, మెత్తటి గుడ్డతో రోజూ కొంచెం కొంచెంగా తీయండి, గీరకండి. లంగా నాడా కింద ఒరుపు, చెమటకాయలు, తామర, సెగగడ్డ ఏదున్నా ఇప్పుడే చూపించండి. మన బెజవాడ ఉక్కపోతలో అవి ఉండకపోతేనే వింత. ఇంట్లో రేజర్‌తో వెంట్రుకలు తీసుకోవద్దు. కంటికి కనపడని గాట్లలో క్రిములు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. ఒకమ్మాయి ముందురోజు రాత్రి రేజర్ పెట్టుకుని, పొద్దున్నకి పొట్ట నిండా ఎర్ర పొక్కులతో వచ్చింది. సర్జన్ వెనక్కి పంపేశారు.

ఐసోట్రెటినోయిన్ మంచి మందే, ఇప్పుడు వద్దు. మొదటి వారాల్లో మొటిమలు ఇంకా రేగొచ్చు. పెదవులు పగులుతాయి. లివర్, కొవ్వు పరీక్షల్లో తేడాలు రావొచ్చు, మీ గాల్ బ్లాడర్ రిపోర్టులు చూసేవారికి అదో తలనొప్పి. అది వాడేటప్పుడూ, ఆపాక నెల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకి అవకరాలు వస్తాయి. పుండ్లు మానాక, రక్తపరీక్షలు చేయించి, అవసరమా కాదా అప్పుడు చూద్దాం. అక్క పెళ్లికి అందుతుందని హామీ ఇవ్వలేను.

ఆపరేషన్‌కి ఇచ్చే యాంటీబయాటిక్ చాలాసార్లు ఒక్క డోసే. దానితో మొటిమలు తగ్గవు.

ఇంటికొచ్చాక పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు పత్యం పెడతారు. పప్పు వల్ల చీము పట్టదు, పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి. ఈ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు తగ్గించాల్సింది నూనె, నెయ్యి. కుట్ల మీద పసుపు, పౌడరు, కొబ్బరినూనె రాయకండి. ప్లాస్టర్ అంచుల వెంబడే దురద, పొక్కులు వస్తే టేపు పడకపోవడం కావచ్చు, చెప్తే మారుస్తారు. కుట్ల చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆపరేషన్ చేసినవారికే చూపించండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా నాకు మెయిల్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడొద్దు, దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఫేషియల్ అడిగారు. ఆ క్రీము వాడిన ముఖానికి ఇప్పుడు ఫేషియల్, బ్లీచ్ రెండూ వద్దు. ఆపరేషన్ రోజు లిప్‌స్టిక్, గోళ్లరంగు కూడా తీసేసి వెళ్లండి. ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికే పెడతారు.