ప్రతిజ్ఞ కింద ఎవరి పేరు రాయాలి?

ప్రశ్న: జనవరి 26కి మా ఊరి బడి గోడ మీద ప్రతిజ్ఞ రాయిస్తున్నాం. మరాఠీలో ఒకటి, దాని పక్కనే తెలుగులో ఒకటి. కింద రాసినవారి పేరు పెడదామనేసరికి పేచీ మొదలైంది. పిల్లలేమో ఠాగూర్ అంటున్నారు. ఒక పెద్దాయన సానే గురుజీ అని గట్టిగా చెబుతున్నారు. కాళేశ్వరం నుంచి వచ్చిన మా ఆడపడుచు కొడుకు తన తెలుగు పుస్తకంలో పైడిమర్రి అని ఉందన్నాడు. వీటిలో ఏది నిజం?
– ఒక పాఠకురాలు, సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీ ఆడపడుచు కొడుకు చెప్పిందే నిజమమ్మా. ప్రతిజ్ఞ రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. పుట్టింది 1916 జూన్ 10న, నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962 సెప్టెంబరు 17న తెలుగులో రాశారు. చైనా యుద్ధం వచ్చినప్పుడు రాశారని చాలామంది అంటారు గానీ, ఆ యుద్ధం మొదలైంది అక్టోబరు 20న. అంటే అప్పటికే నెల దాటింది.

ఆ కాగితం తెన్నేటి విశ్వనాథం ద్వారా అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1963లో విశాఖ బడుల్లో పిల్లల చేత చెప్పించడం మొదలైంది. 1964 అక్టోబరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగళూరులో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం జరిగింది. దేశమంతటా బడుల్లో దీన్ని చెప్పించాలని అక్కడ నిర్ణయించారు. 1965 జనవరి 26 నుంచి అది అమలైంది. ప్రతిజ్ఞ ఒక్కో భాషలోకీ అనువాదమై వెళ్లింది, రాసినాయన పేరు మాత్రం వెంట వెళ్లలేదు. ఏళ్ల తరబడి తెలుగు వాచకాల్లో కూడా పేరు లేకుండానే అచ్చయింది. సుబ్బారావుగారు 1988 ఆగస్టు 13న కన్నుమూశారు. తెలుగు వాచకాల్లోకి ఆయన పేరు ఎక్కింది ఆ తర్వాతే. ఇది చిన్న అన్యాయం కాదు. అందుకే మీ ఊళ్లో గోడ మీద పేరు పెట్టాలనుకోవడం మాకు ఎంతో సంతోషం కలిగించింది.

మరి మిగతా రెండు పేర్లు ఎలా వచ్చాయంటారా? మీ పిల్లల బాలభారతి పుస్తకం తెరిచి చూడండి. మొదటి పేజీల్లోనే పైన రాష్ట్రగీత్, అంటే మన జాతీయగీతం ‘జనగణమన’, దాని కిందే ప్రతిజ్ఞ. పై పాట ఠాగూర్‌ది కాబట్టి కిందదీ ఆయనదే అనుకుంటారు పిల్లలు. మరాఠీ రచయిత సానే గురుజీ రాసిన ‘ఖరా తో ఏకచి ధర్మ’ ప్రార్థనను మహారాష్ట్ర బడుల్లో పాడతారు. ఆ ప్రార్థన, ప్రతిజ్ఞ రెండూ చెవిన పడేది పొద్దున్నే, ఒకే వరసలో నిలబడి ఉన్నప్పుడు. పెద్దాయన పొరబాటుకు అదే కారణమై ఉండవచ్చు. ఆయనకు తేదీలు చూపించండి, నొచ్చుకోకుండా ఒప్పుకుంటారు. ఠాగూర్ 1941లో పోయారు, సానే గురుజీ 1950లో పోయారు. 1962 నాటి రచన వాళ్లది కావడానికి వీల్లేదు.

ఒక జాగ్రత్త. మీ మరాఠీ పాఠం సుబ్బారావుగారి మాటలకు అచ్చు నకలు కాదు. తెలుగులో ‘భారతదేశం నా మాతృభూమి’ అని ఉన్నచోట మరాఠీలో ‘భారత్ మాఝా దేశ్ ఆహే’ అని ఉంటుంది. మనకు ‘సహోదరులు’ అయితే వాళ్లకు ‘బాంధవ్’. మన ‘సేవానిరతి’ అక్కడ ‘నిష్ఠా’ అయింది. కొన్ని తెలుగు ప్రతుల్లో కనిపించే ‘జంతువులపట్ల దయతో ఉంటాను’ అనే వాక్యం మరాఠీలో లేనే లేదు. అందుకని తెలుగు పాఠం కింద ‘రచన: పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962’ అని పెట్టండి. మరాఠీ పాఠం కింద ‘మూళ లేఖక’ అని చేర్చి అదే పేరు రాయించండి. ఉత్త ‘లేఖక’ అంటే మరాఠీ మాటలు కూడా ఆయనవే అన్నట్టవుతుంది.

తెలుగు పాఠాన్ని ఫోన్‌లో వచ్చిన మెసేజీ నుంచి దించకండి. అక్షరాలు మారిపోయి తిరుగుతున్నాయి, పైడిమర్రి కాస్తా పైడిమర్తి అయిపోతుంది. మేనల్లుడి వాచకంలో ఆ పేజీ ఫొటో తీసి, పెద్దగా ప్రింటు తీయించండి. మీ పెయింటరుకు తెలుగు చదవడం రాకపోతే అక్షరాన్ని బొమ్మలా దించుతాడు, వత్తులు ఎగిరిపోతాయి. ‘శ్రేయోభివృద్ధులే’, ‘ప్రతిజ్ఞ’, ‘పైడిమర్రి’ – ఈ మూడు మాటల దగ్గర తెలుగు వచ్చినవాళ్లు ఒకరు పక్కనే నిలబడాలి. అక్షరం రెండంగుళాలైతే వరసకూ వరసకూ మధ్య కనీసం అంగుళంన్నర వదలండి. లేకుంటే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుకుంటాయి. ముందు సుద్దతో రాయించి, చదివించి, ఆ తర్వాతే రంగు వేయించండి.

ప్రశ్న: ‘సర్ఫరోషీ కీ తమన్నా’ గజల్ రామ్‌ప్రసాద్ బిస్మిల్ రాసిందా, కాదా? స్టేజి మీద ఏమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: రాసింది పట్నా కవి బిస్మిల్ అజీమాబాదీ. 1921లో రాశారు. మరుసటి ఏడాది ఢిల్లీ నుంచి వచ్చే ‘సబాహ్’ పత్రికలో అచ్చయింది. పట్నాకు పాత పేరు అజీమాబాద్, ఆ ఇంటిపేరులాంటిది అక్కడి నుంచి వచ్చిందే. కాకోరి కేసులో 1927 డిసెంబరు 19న గోరఖ్‌పూర్ జైలులో ఉరికంబమెక్కిన రామ్‌ప్రసాద్ దాన్ని తన నినాదం చేసుకున్నారు. దాంతో ఆయన పేరే జనంలో నిలిచిపోయింది.

చిక్కంతా కలంపేరులో ఉంది. గజల్ చివరి చరణంలో కవి తన కలంపేరు పొదగడం ఆనవాయితీ. ఈ గజల్ చివర ‘దిల్-ఎ-బిస్మిల్’ అని వస్తుంది. బిస్మిల్ అంటే గాయపడినవాడు. ఇద్దరి కలంపేరూ అదే కాబట్టి ఆ చరణం చూపించి వాదిస్తే తేలదు, పత్రికలో ఎవరి పేరుతో అచ్చయిందో చూడాలి. మీరు స్టేజి మీద ‘అజీమాబాదీ రాసిన, రామ్‌ప్రసాద్ బిస్మిల్ నోట దేశమంతా విన్న గజల్’ అనండి. ఇద్దరిలో ఎవరికీ లోటు రాదు.